గుప్పెడు గింజలు, గంపెడు పుణ్యం

పుణ్యం చేసేవాళ్ళతో తగూ పెట్టుకోకూడదని పెద్దలంటారు. పెట్టుకుంటే వాళ్ళ పుణ్యం వాళ్ళకే వుంటుందిగానీ, అడ్డుపడిన పాపం మాత్రం మన నెత్తికి చుట్టుకుంటుందట. అయినాసరే, ఇవాళ నేను తగూ పెట్టుకోదలచుకున్నాను. అదీ ఎవరితోననుకున్నారు? పెరట్లో పిట్టలకి గింజలు వేసే ఇల్లాళ్ళతో! అంటే మీతోనే. ఆ మాటకొస్తే నాతో నేను కూడా.

ముందే చెప్పేస్తున్నాను. పిట్టలకి మేత వెయ్యకూడదనే మనిషిని కాను నేను. మా కోసిగిలో తెల్లవారితే స్టేషన్లో రైలు కూత కంటే ముందు మా పెరటి గోడమీద పిచ్చుకల కూత వినిపిస్తుంది. కాఫీ నీళ్ళు పొయ్యిమీద పెట్టి, గుప్పెడు కొర్రలు తీసుకెళ్ళి బండమీద చల్లి వస్తేగాని నాకు పొద్దు మొదలైనట్టుండదు. పిచ్చుకలు, గువ్వలు, గోరువంకలు, చివర్లో దొరగారిలా తల అటూ ఇటూ తిప్పుతూ వొక కాకి, అందరూ వస్తారు. కనక మేత మీద నాకేం పగ లేదు. మేత వేసేసి చేతులు దులుపుకునే మన బుద్ధి మీదే నా పోట్లాట.

అసలు సంగతి చెప్తాను వినండి.

మా పక్కింటి వదిన బంగారం లాంటి మనిషి. శ్రావణమాసంలో ఉరుకుంద ఈరన్నస్వామి దగ్గరికి వెళ్ళొచ్చిందంటే వీధి వీధంతా ప్రసాదం పంచుతుంది. ఆవిడ పెరట్లో వొక వేపచెట్టు వుండేది. మా మామగారి కాలంనాటిదట. సగం కొమ్మలు మా గోడమీద, మిగతా సగం మా వెనకింటి కొట్టం మీద. చెట్టు వాళ్ళది, నీడ ముగ్గురిదీ. పోయినేడు దీపావళి వెళ్ళాక వదిన పెరడంతా సిమెంటు చేయించింది. చేయించాక తెలిసింది, సిమెంటు మీద వేపాకు రాలితే ఎంత కనబడుతుందో! రోజూ రెండు పూటలా వూడ్చలేక నడుములు పడిపోయాయి పాపం. దానికితోడు పురుగులు. సరే, మనుషుల్ని పిలిపించి రెండు రోజుల్లో చెట్టు కొట్టించేసింది.

రెండు వారాలు తిరక్కుండా బెంగుళూరు నుంచి వాళ్ళబ్బాయి ఫోన్లోనే తెప్పించి పంపిన వొక ఆకుపచ్చ ప్లాస్టిక్ డబ్బా వచ్చింది. పిట్టలకి మేతపెట్టే డబ్బా! చిన్న ఇల్లులాగే వుంటుంది. కిటికీలున్నాయి, నిలబడ్డానికి పుల్లలున్నాయి, పైన ఎర్రటి కప్పుంది. దాన్ని దండేనికి వేలాడదీసి, పొద్దున్న మిగిలిన ఉగ్గాని అందులో పోసింది వదిన. పది రోజులు చూసి వొకనాడు గోడ దగ్గరికొచ్చి నిలదీసింది.

"ఏం ఒదినా, ఇన్ని దినాలాయె, ఒక్క పిట్టన్నా రాలే. మీ ఇంటికాడికి మాత్రం మందలు మందలు వస్తాండాయి. నువ్వేమన్నా మందు పెట్టినావా ఏంది?"

ఇద్దరం నవ్వుకున్నాం. కానీ ఆ 'మందు' అన్న మాట నాకు కలుక్కుమంది. ఎందుకంటే నేను నిజంగానే వొకసారి పెట్టాను.

అయిదారేళ్ళ కిందటి మాట. చేనులో విత్తగా మిగిలిన జొన్న విత్తనాలు అరసంచీ మా ఇంట్లో పడివున్నాయి. గులాబీరంగులో కుంకుమ కలిపినట్టు ముద్దుగా వున్నాయి. వూరికే పారెయ్యడం ఎందుకు, రెండు నీళ్ళు కడిగి పిట్టలకేస్తే పుణ్యమైనా వస్తుంది గదా అనుకున్నాను. అంతా అయ్యాక తెలిసింది, ఆ రంగు అందానికి వేసేది కాదని. విత్తనాన్ని పురుగు కొట్టకుండా, బూజు పట్టకుండా మందు పట్టిస్తారు. ఇది తినేది కాదురా బాబూ అని మనుషులకి తెలియడానికే ఆ రంగు. మనకి కళ్ళున్నాయి, చదువుంది. అయినా నాకు తెలియలేదు. పిట్టకెలా తెలుస్తుంది? మర్నాడు పొద్దున్న తులసికోట పక్కన రెండు గువ్వలు పడివున్నాయి. వొకదాని రెక్క ఇంకా కొట్టుకుంటోంది. దాని నోట్లో నీళ్ళు పొయ్యబోతే మెడ వాల్చేసింది.

ఎవరితోనూ చెప్పలేదు. పెరట్లోనే గొయ్యి తీసి పూడ్చేశాను. పుణ్యానికి పోతే ఎదురైన పాపం అది. అప్పటినుంచే ఈ 'పిట్టలకి మేత' అన్న మాటని కాస్త తిరగేసి మరగేసి చూడటం నేర్చుకున్నాను.

మేత గురించి మాటెత్తగానే వొక వర్గంవారు వెంటనే లేస్తారు. "మనుషులకే తిండి లేని కరువు సీమలో పిట్టలకి గింజలేమిటమ్మా, కడుపు నిండిన వాళ్ళ వేషాలు కాకపోతే!" అంటారు. వాళ్ళకి ముందు జవాబు చెప్పి, తరవాత మన సంగతి చూసుకుందాం.

కరువు సంగతి మాకు వొకరు చెప్పాలా? ఆదోని, ఎమ్మిగనూరు, కోసిగి, మంత్రాలయం, ఈ చుట్టుపక్కల వూళ్ళల్లో వాన మొహం చాటేస్తే జనం మూటాముల్లె సర్దుకుని సుగ్గికి పోతారు. గుంటూరు వైపు మిరపకాయ కోతలకి, పత్తి తీతకి. పిల్లల బళ్ళు ఆగిపోతాయి, ఇళ్ళకి తాళాలు పడతాయి, ముసలివాళ్ళు అరుగులమీద మిగులుతారు. ఆ తుంగభద్ర అంత దగ్గర్లో పారుతుందా, మా చేలు మాత్రం ఆకాశంకేసి చూస్తుంటాయి.

మా వెనకింటామె కూడా ఏటా అలాగే సుగ్గికి పోయే మనిషే. పోయినేడు బయలుదేరే ముందురోజు సాయంత్రం నా దగ్గరికొచ్చింది. చేతిలో చిన్న గుడ్డమూట. విప్పి చూస్తే సేరుడు కొర్రలు.

"అక్కా, నేనొచ్చేదాక దినామూ ఇంత మా కొట్టం కాడ ఏస్తావా? అలవాటు పడిండాయి. నేను కనపడకపోతే వాకిలి కాడ కూకోని అరుస్తాయి" అంది.

ఆ కొర్రలు తను వండుకుంటే రెండు పూటలు గడిచేవి. నేను తీసుకోనన్నాను, నా ఇంట్లోవే వేస్తానన్నాను. వొప్పుకోలేదు. "నీవి నీవే, నావి నావే" అంది. ఇప్పుడు చెప్పండి, పిట్టలకి గింజలు వెయ్యడం కడుపు నిండిన వాళ్ళ వేషమా? ఎవరి పేరు చెప్పి మీరు పిట్ట నోటిదగ్గర గింజ లాగేస్తున్నారో, ఆ మనిషే దానికి తన గింజ పెడుతోంది. లేనివాళ్ళ తరపున వకాల్తా పుచ్చుకునేముందు వాళ్ళని వొకమాట అడగండి.

ఇక మన సంగతి.

మన అవ్వలు, జేజిలు ప్రత్యేకించి పిట్టలకి మేతపెట్టడం నేనైతే చూడలేదు. ఏదో పండగకి వరికంకుల కుచ్చో జొన్నకంకుల కుచ్చో దూలానికి కట్టేవాళ్ళు. తద్దినం నాడు కాకికి పిండం పెట్టేవాళ్ళు. అంతే. అయినా పిట్టలు వుండేవి, ఎందుకంటే ఎక్కడ చూసినా మేతే. చేలల్లో జొన్న, కొర్ర, సద్ద. మంచె ఎక్కి వడిసెలతో రాళ్ళు విసిరి, గొంతు పోయేలా కేకలేసి తోలినా, కంకికి పది గింజలైనా పిట్ట పాలయ్యేవి. కళ్ళంలో కొన్ని, బండి మీంచి జారినవి కొన్ని, ముంగిట్లో చేట చెరిగినప్పుడు కొన్ని. మనిషి తిట్టుకుంటూనే వాటాలిచ్చేవాడు. ఆ వాటాకి పుణ్యం అని పేరు కూడా పెట్టుకోలేదు.

ఇప్పుడు? ఆదోని పత్తి యార్డుకి ఎంత పేరొచ్చిందో, మా చేలల్లో జొన్న అంత తగ్గింది. 2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చాక పత్తి మరీ ఎక్కువైంది. పత్తి మంచి పంటే, రైతుకి నాలుగు డబ్బులొస్తాయంటే కాదనేదాన్ని కాను. కానీ పిట్టకి పత్తిలో తినడానికేముంది? గింజ లేదు. పురుగులున్నాయంటే వాటి కోసం మందు కొడతాం. మా ఇళ్ళూ మారిపోయాయి. వెనకటి మట్టిమిద్దెలకి దూలాలు, దంతెలు, సందులు, వెలుతురుకి గవాక్షి. ప్రతి సందులోనూ వొక పిచ్చుక సంసారం. ఇప్పటి స్లాబు ఇంట్లో ఈగ దూరే సందు కూడా లేదాయె. గూడుకి చోటు తీసేశాం, చేనులో గింజ తీసేశాం, చెట్టు కొట్టేశాం. ఇన్ని తీసేసి, ప్లాస్టిక్ డబ్బాలో గుప్పెడు పోసి, "రావడం లేదేమిటి?" అని పిట్టల మీద నిష్ఠూరం!

ఇంకో మాట. పిచ్చుకకి గింజలు వేస్తే దాని కుటుంబమంతా బతికిపోతుందనుకుంటాం. పెద్దపిచ్చుక గింజలు తింటుంది, నిజమే. కానీ గూట్లో కళ్ళు తెరవని కూన వుంటుందే, దానికి గింజ అరగదు. దానికి కావలసింది మెత్తటి పురుగులు, లద్దెలు, చిన్న చిన్న కీటకాలు. బాలింత బిడ్డకి పాలెలాగో కూనకి పురుగు అలాగ. ఆ పురుగు ఎక్కడుంటుంది? చెట్టుమీద, చెత్తలో, గడ్డిలో, మందు కొట్టని మొక్క మీద. వదిన ఏ పురుగుల కోసమని చెట్టు కొట్టించిందో, ఆ పురుగుల కోసమే పిచ్చుకలు ఆ చెట్టుకి వచ్చేవి. కొట్టించాక ఉగ్గాని పెడితే ఏం లాభం? పసిబిడ్డ పాలకి ఏడుస్తుంటే మిరపకాయ బజ్జీ చేతిలో పెట్టినట్టుంది.

పిట్టకీ పురుగుకీ వున్న లెక్క తెలియక వొక దేశానికి దేశమే బోల్తా పడింది. 1958లో చైనాలో మావో ప్రభుత్వం ఎలుకలు, ఈగలు, దోమలతో పాటు పిచ్చుకల్ని కూడా శత్రువుల జాబితాలో వేసింది. గింజలు తినేస్తున్నాయని నేరం. జనమంతా వీధుల్లోకొచ్చి తప్పేలాలు, పళ్ళేలు వాయించి, పిచ్చుకని ఎక్కడా వాలనివ్వకుండా అలిసి రాలిపోయేదాకా తరిమారు. తీరాచూస్తే పురుగుల్ని తినేవాళ్ళు లేకుండాపోయి, మిడతలు పెచ్చుపెరిగి పంటలమీద పడ్డాయి. అప్పటి మహాకరువుకి ఇంకా పెద్ద కారణాలు చాలా వున్నా, ఇదీ దానికి తోడైంది. చివరికి 1960లో ఆ జాబితాలోంచి పిచ్చుకని తీసేసి దాని చోట నల్లిని పెట్టారు. పిచ్చుక తిన్న గింజలే లెక్కవేశారుగాని, అది కాపాడిన గింజలు ఎవరూ లెక్కవెయ్యలేదు. మన పెరటి లెక్కా అంతే. వూడ్చిన ఆకులు లెక్కపెడతాం, ఆకుల వెనకాల వున్నది లెక్కపెట్టం.

పిచ్చుకలు తగ్గాయనగానే మనకి వొక సాకు తయారుగా వుంటుంది. "సెల్‌ఫోన్ టవర్లమ్మా, ఆ టవర్లే చంపేస్తున్నాయి" అని. 2020లో మన దేశపు పక్షుల స్థితిగతుల మీద పెద్ద నివేదిక వొకటి వచ్చింది. దేశం మొత్తం మీద పిచ్చుక పాతికేళ్ళుగా ఇంచుమించు నిలకడగానే వుందని, మహానగరాల్లో మాత్రం బాగా తగ్గిందని అందులో తేల్చారు. టవర్ల మీద వేసిన నిందకి తగిన ఆధారం కనబడలేదన్నారు. తినడానికి పురుగు లేకపోవడం, గూడుకి సందు లేకపోవడం, ఇవీ అనుమానించవలసినవి. టవరైతే కంపెనీవాడిది, తిట్టడానికి సులువు. గొడ్డలి మనది గదా, దాన్నెలా తిడతాం?

మేతలోనైనా మనం చూపించే శ్రద్ధ ఎంతండీ? శిబిచక్రవర్తి కథ మనందరికీ తెలుసు. పావురం శరణంటే తన తొడ కోసి తక్కెడలో పెట్టాడాయన. మనమేం పెడుతున్నాం? నిన్నటి అన్నం, పాచిన రొట్టె, ఉప్పూ నూనే ఓడుతున్న బజ్జీముక్క, బూజుపట్టిన శెనక్కాయలు. మన పిల్లలకి పెట్టనిది, పశువు కుడితిలో వెయ్యడానికి కూడా సందేహించేది, పిట్టకి వేసి దాన్ని దానం అంటున్నాం. దానం కాదది, చెత్తబుట్ట ఖాళీ చెయ్యడం.

శెనక్కాయల మాటెత్తాను కనక చెప్తున్నా. మనది శెనక్కాయల సీమ. బూజుపట్టిన కాయలు "పిట్టలకేలే" అని పెరట్లో పారేసే ఇళ్ళు నాకు చాలా తెలుసు. 1960లో ఇంగ్లండులో ఉన్నట్టుండి లక్ష దాకా టర్కీకోళ్ళు చచ్చిపోయాయి. ఏ రోగమో అంతుపట్టక తల బద్దలుకొట్టుకుని, ఆఖరికి వాటికి పెట్టిన వేరుశెనగ చెక్కలో బూజు విషం వుందని కనిపెట్టారు. ఆ విషానికే అఫ్లటాక్సిన్ అని పేరు. ఆ బూజు కాలేయాన్ని తినేస్తుంది, మనిషికైనా పిట్టకైనా. మనం తినకూడని కాయ పిట్ట కూడా తినకూడదు, అంతే సంగతి.

శుభ్రం మాట ఇంకా పెద్దది. పది రకాల పిట్టల్ని వొక్క పళ్ళెం దగ్గరికి రోజూ రప్పిస్తున్నామంటే, వాటి రోగాల్ని కూడా అక్కడే సంత పెట్టిస్తున్నామన్నమాట. బ్రిటన్‌లో పెరటి పిట్టలకి మేతపెట్టడం ఇంటింటి వేడుక. అక్కడ పిట్టల రక్షణకోసం 1889లో పుట్టిన రాయల్ సొసైటీ ఫర్ ది ప్రొటెక్షన్ ఆఫ్ బర్డ్స్ అని పెద్ద సంస్థ వుంది. మేతబల్లలు వాళ్ళే అమ్మేవారు. గ్రీన్‌ఫించ్ అనే పిట్టకి గొంతురోగం వచ్చి, అది మేత దగ్గర వొకదాన్నుంచి వొకదానికి అంటుకుని, జాతి జాతే తరిగిపోయి 2021లో ప్రమాదపు ఎర్రజాబితాకెక్కింది. 2025లో ఆ సంస్థ వెడల్పు పళ్ళేలున్న మేతబల్లల అమ్మకం తనంతట తానే ఆపేసింది. మేత ఆపలేదు చూడండి, మురికిపళ్ళెం ఆపింది. తన వ్యాపారం తనే ఆపుకోవడానికి వాళ్ళకి సిగ్గు వెయ్యలేదు. మనకి పళ్ళెం కడగడానికి బద్ధకం!

మనవైపు ముచ్చట కావాలంటే బొంబాయి వుండనే వుంది. అక్కడ కూడళ్ళలో పావురాలకి బస్తాలకొద్దీ గింజలు పోసే కబూతర్‌ఖానాలున్నాయి. పావురాల రెట్టల ధూళి పీల్చి వూపిరితిత్తులు పాడవుతున్నాయని డాక్టర్లు చెప్పగా, 2025లో వాటిని మూయించబోయారు. దాదర్లో టార్పాలిన్ కప్పారు, భక్తులు దాన్ని చించారు, గొడవ హైకోర్టుకెక్కింది. ఎవరి పక్షం వాళ్ళకి న్యాయంగానే కనబడుతుంది. నాకు కనబడేది వొక్కటే. పుణ్యం పోసినకొద్దీ పెరిగింది వొక్క పావురమే. అలా పోసిన చోట పిచ్చుక పెరగలేదు, పికిలిపిట్ట పెరగలేదు. ఎవరికి మనం ఎక్కువ పెడితే వాళ్ళే మిగతావాళ్ళని నెట్టేసి కూచుంటారు. ఇళ్ళల్లో చూడటం లేదూ!

మరి పిట్టకి మనం చెయ్యగలిగిందేమిటి? వీరాపురం వాళ్ళని అడగండి. పాత అనంతపురం జిల్లా, చిలమత్తూరు మండలంలో వుంది ఆ వూరు. ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లా. ఏటా ఎర్రకాళ్ళ కొంగలు వచ్చి వూళ్ళోని చింతచెట్ల మీద గూళ్ళు పెట్టి పిల్లల్ని చేసుకుపోతాయి. ఆ కొంగలు గింజలు తినవు, చేపలు తింటాయి. వూరివాళ్ళు వాటికి గుప్పెడు జొన్నలు వేసి పుణ్యం కొనుక్కునే వీల్లేదు. వాళ్ళిచ్చింది చెట్టు, ఇంకా నెమ్మది. చెట్లకింద రెట్టలు పడతాయి, చేపల కంపు కొడుతుంది. అయినా కొట్టెయ్యలేదు. పుట్టింటికి పురిటికొచ్చిన ఆడపిల్లని రెట్టలు వేస్తోందని ఎవరైనా వెళ్ళగొడతారా?

దీనికి ఎదురు కథ మా పాత కర్నూలు జిల్లాలోనే వుంది. ఇప్పుడు నంద్యాల జిల్లాలోకి వెళ్ళిన రోళ్ళపాడులో బట్టమేకపిట్ట కోసం 1988లో అభయారణ్యం పెట్టారు. మనిషి నడుమెత్తున నిలబడే పిట్ట, ఎగిరే పిట్టల్లో అంత బరువైనవి బహు తక్కువ. దానికి కావలసింది మేతడబ్బా కాదు, గడ్డిబీడు. బీళ్ళన్నీ చేలైపోయాయి. ఈమధ్య ఏళ్ళలో అది అక్కడ కంటపడటమే గగనమైపోయింది. దేశమంతా కలిపినా నూటయాభైకి అటూఇటూగానే మిగిలాయంటారు. చోటు పోయాక ఎన్ని బస్తాలు పోస్తే తిరిగొస్తుంది?

ఇంకొక రకం భక్తులున్నారు. బయట కాకికి అన్నం పెడతారు, లోపల పంజరంలో రామచిలుకకి జాంపండు పెడతారు. "మా బంగారుతల్లి, సొంతబిడ్డలా చూసుకుంటున్నాం" అంటారు. రామచిలుక 2018 నుంచి ఆంధ్రప్రదేశ్ రాష్ట్రపక్షి. 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం దాన్ని పంజరంలో పెట్టడం నేరం. సొంతబిడ్డ రెక్కలు కత్తిరించి గదిలో పెట్టే తల్లిని మనమేమంటాం? పెట్టిన జాంపండు చూసి మురిసిపోవడానికి ముందు వేసిన గడియ చూసుకోవాలి.

సలీం అలీ అనే పెద్దాయన పేరు మీరు వినే వుంటారు. 1896లో పుట్టి 1987లో పోయారు. చిన్నతనంలో ఎయిర్‌గన్నుతో వొక పిచ్చుకని కొట్టి, దాని గొంతుమీద పసుపుమచ్చ చూసి ఇదేం పిట్టా అని అనుమానం వచ్చి, బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి పట్టుకెళ్ళి అడిగారట. అక్కడినుంచి జీవితమంతా పిట్టల వెనకే తిరిగారు. చంపినందుకు ప్రాయశ్చిత్తంగా ఆయన గింజలు పంచలేదు. చూశారు, తెలుసుకున్నారు, చెప్పారు. నేనూ ఆ రెండు గువ్వల్ని పూడ్చాక అదే మొదలుపెట్టాను. ఏ పిట్ట ఏమి తింటుందో, ఎక్కడ పడుకుంటుందో, ఎప్పుడు రాదో చూడటం. అందుకు చదువక్కర్లేదు, కాఫీ గ్లాసు పట్టుకుని అయిదు నిమిషాలు గడపమీద కూచోవడం చాలు.

అలా చూసి నేర్చుకున్న నాలుగు ముక్కలు చెప్పి నా దెబ్బలాట ముగిస్తాను. మేతకంటే ముందు నీళ్ళు పెట్టండి. మా వైపు ఎండలు నలభై డిగ్రీలు దాటిపోతాయి. లోతులేని మట్టిమూకుడులో నీళ్ళు పోసి, మధ్యలో వొక రాయి వెయ్యండి, చిన్నపిట్ట మునక్కుండా నిలబడుతుంది. నీడన పెట్టండి, పిల్లి పొంచివుండే మూలన పెట్టకండి. నీళ్ళు రోజూ మార్చండి, మూకుడు కొబ్బరిపీచుతో తోమండి. గింజలంటారా, కొర్రలు, సద్దలు, నూకలు, ఏవైనా మీరు తినదగ్గవే వెయ్యండి, గంటలో అయిపోయేటంతే వెయ్యండి. ఉప్పు, నూనె, బూజు, రంగు వీటి జోలికి పోకండి. పిట్ట రెక్కలు ఉబ్బించుకుని మూలన కూచుంటే, కాకులు రాలి పడితే, కొన్నాళ్ళు మేత ఆపేసి పశువుల డాక్టరుకి కబురు చెయ్యండి. చచ్చిన పిట్టని వట్టి చేత్తో ముట్టుకోకండి. రాజస్థాన్‌లో వొకసారి పక్షిజ్వరం మొదట బయటపడింది చచ్చిన కాకుల వల్లే. పెరట్లో వొక మూలైనా సిమెంటు లేకుండా వదిలెయ్యండి. మొక్కలకి పురుగుమందు కొట్టకండి. కాసిని ఆకులు పురుగు తింటే తిననివ్వండి, ఆ పురుగుని తినేవాళ్ళు వెనకాలే వస్తారు.

ఇంతా చెప్పి వొక్క సంగతి దాచాను. అది చెప్పకపోతే మిమ్మల్ని దెబ్బలాడే హక్కు నాకు లేదు.

వదిన చెట్టు కొట్టిస్తున్న రెండు రోజులూ నేను ఇంట్లోనే వున్నాను. గొడ్డలి దెబ్బ ప్రతిదీ వినబడింది. గోడ దగ్గరికెళ్ళి "వద్దు ఒదినా" అనివుంటే ఏమయ్యేదో తెలియదు. వదిన మాట వినే మనిషే. అనలేదు. ఎందుకంటే ఆ ఆకు మా వాకిట్లో కూడా రాలేది. రోజూ నేనూ వూడ్చేదాన్ని. పోనీలే, ఈ చాకిరీ తప్పుతుంది అని నా మనసులో మూలెక్కడో వొక చిన్న సంతోషం కలిగింది. ఆ పొద్దున కూడా నేను పిట్టలకి గింజలు చల్లాను. చల్లి, పుణ్యం మూటకట్టుకుని, లోపలికొచ్చి తలుపేసుకున్నాను.

ఉగాదికి వెనకింటామె సుగ్గి నుంచి తిరిగొచ్చింది. మిరపఘాటుకి చేతులు బొబ్బలెక్కివున్నాయి. కొర్రల సంగతి అడిగింది. రోజూ వేశానని చెప్పాను, అది అబద్ధం కాదు. "వచ్చినాయా మరి?" అంది. మొదట్లో వచ్చాయని, తరవాత కొన్ని తగ్గాయని చెప్పాను. ఆమె తన కొట్టం వైపు తిరిగి చూసింది. కొట్టం మీద ఎండ తెల్లగా కొడుతోంది.

"అక్కా, యాపచెట్టేదీ?" అంది.

గోడకవతల వదిన గిన్నెలు తోముతున్న చప్పుడు ఆగిపోయింది. నాకూ మాట రాలేదు. సేరుడు కొర్రలు నమ్మి చేతిలో పెట్టిపోయిన మనిషికి, గింజలన్నీ వొప్పజెప్పి చెట్టు పోగొట్టాను. ఆ ప్రశ్నకి ఇప్పటికీ నా దగ్గర జవాబు లేదు.

అందుకే అడుగుతున్నాను. మీ పెరట్లో చెట్టుందా? పక్కింటి పెరట్లో వుందా? వుంటే ముందు దాన్ని వుండనివ్వండి. గొడ్డలి చప్పుడు వినబడితే చీపురు పక్కనపడేసి గోడ దగ్గరికి వెళ్ళండి. గింజల సంగతి తరవాత చూసుకుందాం.